ఐదో అంతస్తుకు పెట్టిన టిక్కు

మా ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు పాస్టరు గారు, "ఈయన శోధనకు ఏనాడూ లొంగని మనిషి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేనూ ఊపాను. అంతమందిలో నోరు విప్పి కాదని చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు. కానీ నేను ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. తప్పు కంటపడితే దాటిపోవడం చేతకాదు. ఆయన లొంగారు. ఒకసారి. లొంగదీసింది నేనే.

ఆయన లిఫ్టు మెకానిక్కు. పాత భవనాలు పద్నాలుగు ఆయన కింద ఉండేవి. నెలకోసారి ఒక్కోదానికి వెళ్లి, లిఫ్టు చూసి, సర్వీసు కార్డు మీద సంతకం పెట్టి రావాలి. లిఫ్టు మెకానిక్కు అనగానే ఆయన రోజంతా లిఫ్టులో పైకీ కిందకీ తిరుగుతుంటాడని జనం అనుకునేవారు. నిజానికి ఆయనంత మెట్లెక్కిన మనిషి మా ఎరుకలో లేడు. లిఫ్టు పెట్టెను కింద ఆపి, తాళం వేసి, ఒక్కో అంతస్తూ నడిచి ఎక్కుతూ, ప్రతిచోటా లిఫ్టు తలుపును రెండు అరచేతులతో నెట్టి, లాగి చూసేవారు. పెట్టె అక్కడ లేనప్పుడు ఆ తలుపు తెరుచుకోకూడదు. తెరుచుకుందంటే దాని వెనక ఉండేది ఉత్త ఖాళీ. ఏదో ఆలోచనలో ఉన్న మనిషి అడుగు వేస్తే అంతే సంగతులు.

ఈ పద్ధతి ఆయనకు పని నేర్పిన మేస్త్రీది. కార్డు మీద అంతస్తుకో వరస, వరసకో టిక్కు. ఆ కార్డు వేలాడేది మాత్రం అన్నిటికన్నా పైన, మోటారు ఉండే గదిలో, మేకుకి. టిక్కు పెట్టాలంటే ఎక్కి తీరాలి. మేస్త్రీ మనుషుల్ని నమ్మేవాడు కాదనీ మేకును నమ్మేవాడనీ మా ఆయన చెప్పి నవ్వేవారు. తోటివాళ్లు ఆయనకు మెట్లయ్య అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు జీతం ఇచ్చే గుమాస్తా కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాడు.

ఆయన అలసటకు ఒక చప్పుడుండేది. సాయంత్రం ఇంటికొచ్చి పనిముట్ల సంచి గుమ్మం పక్కన దించేటప్పుడు అది వినిపించేది. సంచి బరువు ఏ రోజైనా ఒకటే. చప్పుడు మాత్రం ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. తర్వాత నేరుగా పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కునేవారు. అరచేతులకు లిఫ్టు తలుపుల బూడిదరంగు జిడ్డు. సబ్బుకు సగం పోయేది, సగం మిగిలేది. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆ మరక కనబడేది. పెళ్లయిన కొత్తలో అసహ్యంగా ఉండేది. తర్వాత అది ఆయన రంగే అనుకున్నాను.

మా చర్చిలో బుధవారం ప్రార్థన కూటం ఉండేది. ఒకసారి పాస్టరు గారు మగవాళ్లను ఎవరి శోధన ఏమిటో, ఏ ఆశ తమను తప్పు వైపు లాగుతుందో దాచకుండా చెప్పమన్నారు. ఒకాయన తాగుడన్నాడు. ఒకాయన కోపమన్నాడు. ఒక కుర్రాడు సెల్‌ఫోనన్నాడు, వాళ్లమ్మ వెనక నుంచి గట్టిగా "ఆమెన్" అంది. మా ఆయన వంతు వచ్చింది.

"నా శోధన కుర్చీ అండీ," అన్నారు.

"కుర్చీయా? పదవా?"

"పదవి కాదండీ. మామూలు కుర్చీ. కూర్చునేది. ఎక్కడ కనబడినా కూర్చోబుద్ధేస్తుంది. కూర్చుంటే లేవబుద్ధి కాదు."

అందరూ పగలబడి నవ్వారు. పాస్టరు గారు కళ్లు తుడుచుకుని, "మీలాంటివాళ్లకు సైతాను ఫర్నిచర్ కొట్టు పెడతాడేమో" అన్నారు. నేను నవ్వలేదు. ఆయన ఆ మాట తమాషాకు అనలేదని నాకు తెలుసు.

అప్పటికే మోకాళ్లు పోయాయి. రెండు వైపులా వాచి, పొద్దున మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చేది. డాక్టరు ఫోటోలు తీసి, మెట్లు ఎక్కకూడదు, మోకాళ్ల మీద కూర్చోకూడదు అని రెండు మాటలు చెప్పాడు. ఆయన రోజూ పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసుకునే మనిషి. ఆ మర్నాటి నుంచి స్టూలు మీద కూర్చుని చేసుకోవడం మొదలుపెట్టారు.

"మెట్లు మానమంటే ప్రార్థన మానారేంటండీ?" అన్నాను.

"మానలేదుగా, కూర్చుని చేస్తున్నా. ఉన్న మోకాళ్లను పొదుపుగా వాడుకోవాలి. దేవుడికి నా సంగతి తెలుసు. తలుపులకు తెలియదు."

పదవీ విరమణకు అప్పటికి ఇంకా ఏడు నెలలు. మోకాళ్లు పనిచేయవని కంపెనీకి తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపుతారు. ఏడు నెలలు నిండకుండా వస్తే పెన్షన్ సగానికి సగం కోస్తారు. మాకు వేరే ఆధారం లేదు. నా కళ్లు కూడా అప్పటికే చిన్న అక్షరాల దగ్గర మొరాయిస్తున్నాయి. అందుకని ఆయన ఆఫీసు గుమ్మం తొక్కే ముందు ఒక నిమిషం ఆగి, నడక సరిచేసుకుని లోపలికి వెళ్లేవారు. అది నేను ఒకసారి రోడ్డు అవతల నుంచి చూశాను. చూసినట్టు చెప్పలేదు.

ఆ ఏడాదే కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. మంచివాడే, మర్యాదస్తుడు. పై గదుల్లో కార్డులు చెమ్మకు పాడైపోతున్నాయని అన్నిటినీ కిందకి తెప్పించి, ఒక ఫైలులో పెట్టి ఆఫీసు బల్ల మీద ఉంచాడు. అక్కడ ఫ్యాను ఉంది. కుర్చీలున్నాయి. తోటి కుర్ర మెకానిక్కులు నెలాఖరున వచ్చి, టీ తాగుతూ, ముచ్చట్లాడుకుంటూ వరసగా టిక్కులు పెట్టి పోయేవారు. మా ఆయన మాత్రం పాకెట్ పుస్తకంలో రాసుకుని, ఎక్కి దిగి వచ్చి, దాన్ని చూసి కార్డు నింపేవారు.

ఒక రోజు పొద్దున ఆయన మోకాళ్లకు తైలం రాస్తున్నాను. ఆ రోజు పదకొండు అంతస్తుల భవనం వంతు. ఆయనకు ఆ మాట తలుచుకుంటేనే ముఖం మారిపోతోంది.

"ఈ ఒక్క నెలా కిందనే సంతకం పెట్టేయండి," అన్నాను.

ఆయన సంచి వైపు చెయ్యి చాపారు.

"పోయిన నెల చూశారుగా. అన్నీ బాగున్నాయిగా. నెల్లో ఇనుము కరిగిపోతుందా ఏంటి? మీకేదన్నా అయితే నన్ను ఎవరు చూస్తారు? ఏడు నెలలు నెట్టుకొస్తే గట్టున పడతాం."

ఆయన నా వంక చూసి నవ్వారు. "సైతాను కొమ్ములు పెట్టుకుని వస్తాడనుకున్నానోయ్. తైలం సీసా పట్టుకుని వస్తాడనుకోలేదు."

"తిట్టండి. తిట్టి అయినా కూర్చోండి."

ఆ సాయంత్రం సంచి చప్పుడు కాలేదు. నేను తలెత్తి చూసేసరికే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెప్పులు విడిచి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నారు. పంపు దగ్గరికి వెళ్లలేదు. అన్నం దగ్గర చూశాను, అరచేతులు తెల్లగా ఉన్నాయి. నాకు అన్నీ అర్థమయ్యాయి, సంతోషం కూడా వేసింది. ఇది దాచి ఏం లాభం, చాలా సంతోషం వేసింది. ఇంకో కూర వడ్డించాను.

అది బుధవారం. ప్రార్థన కూటానికి రానన్నారు. ఒళ్లు బాగాలేదన్నారు. చూస్తే అంత బాగున్న రోజు ఈ మధ్య లేదు.

ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. పళ్లెం వరసలో చేతులు మారుతూ వచ్చింది. ఆయన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకోకుండా నాకు అందించారు. నలభై ఏళ్లలో ఆయన పళ్లెం అలా దాటించడం చూడలేదు. మనసులో తేలని తప్పుంటే ఆ రొట్టె ముట్టకూడదని మా నమ్మకం. పక్కన కూర్చున్నావిడ ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూసి, ఏదో ఇంటి గొడవ అనుకుని జాలిగా తల తిప్పుకుంది. నా చేతిలో పళ్లెం ఉంది. నేను తీసుకోవాలా వద్దా? నేనూ తీసుకోలేదు. ఆ జాలి ఇంకాస్త పెరిగింది.

బయటికొచ్చాక చెట్టు నీడన నిలబెట్టి అడిగాను. "ఏమైందండీ? అంత ఘోరమేం చేశారు?"

"ఐదో అంతస్తుకు టిక్కు పెట్టాను."

"అయితే?"

"అక్కడ తలుపు లేదు. గోడ ఉంది."

విడమరిచి చెప్పారు. ఆ భవనంలో ఐదో అంతస్తు మొత్తం ఒక ఆఫీసు వాళ్లు తీసుకుని, ఎప్పుడో లిఫ్టు గుమ్మం ఇటుకలతో మూసేసి, లోపల కాగితాల గది కట్టుకున్నారు. వాళ్లు నాలుగో అంతస్తులో దిగి మెట్లెక్కుతారు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఐదో వరసలో టిక్కు పెట్టరు, గీత గీస్తారు. మొన్న ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని ఒక్క ఊపులో పై నుంచి కింది దాకా టిక్కులు లాగేశారు. ఎక్కినవాడి చెయ్యి ఆ తప్పు చేయదు.

"దానికేముంది, టిక్కును గీతగా దిద్దేయండి. నేనైతే చిటికెలో దిద్దుతా," అన్నాను.

"ఐదోదొక్కటే తప్పు కాదోయ్. అన్నీ తప్పే. ఆ ఒక్కటి దొరికిపోయింది, అంతే."

చెట్టు మొదలు మీద చెయ్యి ఆనించి, "తొమ్మిదో అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటుంది. తాళంచెవి వెతుక్కునేటప్పుడు సంచి దించి లిఫ్టు తలుపుకు ఆనుకుంటుంది. వద్దని ఎన్నిసార్లో చెప్పా. వినదు. నాలుగు రోజులుగా ఆవిడ ఆనుకునే ఉంది, నా తలకాయలో" అన్నారు.

మధ్యాహ్నం బయలుదేరారు. ఆయన్ని ఒక్కరినే పంపబుద్ధి కాలేదు. మడత స్టూలు పట్టుకుని నేనూ వెళ్లాను. వాచ్‌మన్ మమ్మల్ని చూసి నోరు తెరిచాడు.

"ఏంటి మెట్లయ్యా, ఆదివారం కూడానా? అమ్మగారిని కూడా డ్యూటీకి తెచ్చావా?"

"హెల్పరు," అన్నారు మా ఆయన.

"మొన్నేగా నెలది అయిపోయింది! కార్డు నింపావని మీవాళ్లు చెప్పారే."

"నింపాను. ఇప్పుడు చూడ్డానికొచ్చాను."

వాచ్‌మన్‌కు అర్థమైందో లేదో, లిఫ్టు ఆపి బోర్డు తగిలించాడు. సామాన్లతో వచ్చిన ఒకాయన ఆ బోర్డు చూసి మా తరాలన్నిటినీ తలుచుకుంటూ మెట్లెక్కాడు. మాకన్నా ముందే ఎక్కాడు. మమ్మల్ని దాటనివాళ్లెవరూ లేరు ఆ రోజు.

ఆయన మెట్లెక్కడం నేను మొదటిసారి చూడటం అదే. రెయిలింగు పట్టుకుని పక్కకు తిరిగి, కుడికాలు పైమెట్టు మీద పెట్టి, ఎడమకాలిని దాని పక్కకు లాక్కునేవారు. ఆగేవారు. మళ్లీ. ప్రతి అంతస్తులో నేను స్టూలు వేస్తే కూర్చునేవారు. లేచి, తలుపును అరచేతులతో నెట్టి, పక్కకు లాగి, చెవి దగ్గరగా పెట్టి వినేవారు. "ఊఁ" అనేవారు. పాకెట్ పుస్తకంలో టిక్కు పెట్టేవారు. ఇలా ముప్పై ఏళ్లు చేశాడా ఈ మనిషి అనుకున్నాను. ఇంటికొచ్చి సంచి దించితే చప్పుడెక్కువైందని విసుక్కున్నాను కూడా.

ఐదో అంతస్తులో గోడ. ఆయన దాని మీద కూడా చెయ్యి వేశారు. "గట్టిగానే ఉంది," అన్నారు. అంత ఆయాసంలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది.

తొమ్మిదో అంతస్తు చేరేసరికి ఆ పెద్దావిడ అక్కడే ఉంది. ఆయన చెప్పినట్టే సంచి కాళ్ల దగ్గర, వీపు లిఫ్టు తలుపుకు. మా ఆయన మెట్టు మీదే ఆగిపోయారు.

"అమ్మా, కాస్త ఇటు జరుగుతారా?"

"నువ్వా! ఎన్నేళ్ల నుంచి ఆనుకుంటున్నానయ్యా, ఏమైంది?"

"ఏమీ కాలేదమ్మా. అందుకే జరగమంటున్నా."

"తలుపు మీ తాత సొమ్మా?" అంటూనే జరిగింది. ఆయన రెండు చేతులూ వేసి నెట్టారు. లాగారు. తలుపు కదల్లేదు. అయినా చేతులు తీయలేదు. అలా చాలాసేపు నిలబడ్డారు. పెద్దావిడ నా చెవిలో, "మీ ఆయనకు గుండె జబ్బా?" అంది.

పది తలుపులూ బాగున్నాయి. చివర్లో ఇనుప నిచ్చెన ఎక్కి మోటారు గది కూడా చూశారు. అక్కడ గోడకు మేకు అలాగే ఉంది. దాని కింద, ఏళ్ల తరబడి కార్డు వేలాడిన చోట, సున్నం మిగతా గోడకన్నా తెల్లగా నలుచదరంగా కనిపించింది.

నాకు కోపం వచ్చింది. ఏ తలుపైనా ఊడిపోయి ఉంటే బాగుండేదనిపించేంత కోపం. మెట్టు మీద కూలబడి ఏడ్చాను. "అన్నీ బాగున్నాయి! చెప్పానా, లేదా?"

"చెప్పావు. కానీ అప్పుడు నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియకుండా రాశాను."

"ఇప్పుడు తెలిసిందిగా! అన్నీ చూశారు. కార్డు మీదున్నది నిజమైపోయింది. ఐదోది ఒక్కటి దిద్దుకుంటే సరి. ఇంక పదండి ఇంటికి."

ఆయన స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రెండు చేతులతో పట్టుకున్నారు. ఒప్పుకున్నారనే అనుకున్నాను. ఆ ముఖంలో ఒప్పుకోవాలని ఎంత ఉందో నాకు కనబడుతోంది.

"ఈ నెలది దిద్దుకోవచ్చు," అన్నారు చివరికి. "వచ్చే నెలది?"

ఆయన వచ్చే నెల ఈ మెట్లు ఎక్కలేరని ఆ గంటన్నరలో ఇద్దరం చూశాం. దిగడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టింది.

సోమవారం ఆఫీసులో జరిగింది ఆయన సూపర్‌వైజరు గొంతుతో సహా నాకు చెప్పారు. ఆ పదకొండు టిక్కుల మీదా అడ్డంగా కొట్టేసి, పక్కన "చూడలేదు" అని రాశారట. కింద ఆదివారం తేదీ వేసి, కొత్తగా పది టిక్కులూ ఒక గీతా పెట్టారట.

"ఏంటండీ పెద్దాయనా ఇది! కార్డు మీద కొట్టివేతలుంటే తనిఖీవాళ్లు నన్ను నమిలేస్తారు. ఇదిగో కొత్త కార్డు. శుభ్రంగా రాసివ్వండి, ఇది చింపేద్దాం."

"శుభ్రంగా రాస్తే అబద్ధమవుతుంది బాబూ. బుధవారం నేను ఎక్కలేదు. ఇక ముందు ఎక్కలేను కూడా. అది చెప్పడానికే వచ్చాను."

"ఎక్కమని నేనడిగానా? ఏడు నెలలు. కుర్చీలో కూర్చోండి, టీ తాగండి. నేనేమన్నా అడిగానా మిమ్మల్ని?"

"అదేనయ్యా. నువ్వు అడగకపోవడమే కష్టంగా ఉంది."

సూపర్‌వైజరు ఫైలు తిరగేశాడట. అంతకుముందు ఆయన సెలవు పెట్టిన రెండు నెలల్లో ఆ భవనానికి కుర్రాళ్లు నింపిన కార్డులున్నాయి. రెండింట్లోనూ ఐదో అంతస్తుకు చక్కటి టిక్కులు. సూపర్‌వైజరు వాటిని చూశాడు, మా ఆయన్ని చూశాడు, ఫైలు మూశాడు. "మీ గురించి రాసి పంపుతాను. మిగతావి నేను చూసుకుంటాను, మీరు మాట్లాడకండి" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయట పాపం. నేను నమ్మలేదు. మా ఆయన నమ్మారు.

వైద్య పరీక్ష చేయించి నెల తిరక్కుండా ఇంటికి పంపారు. పెన్షన్ సగం తగ్గింది. నేను మానేద్దామనుకున్న ప్రూఫుల పని మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాను. భూతద్దం పెట్టుకుని చూసేదాన్ని. ఆయన నాకు అక్షరాలు చదివి వినిపించేవారు. కొన్నాళ్లు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. క్షమించమని ఆయన అడగలేదు, అడగాల్సింది నేనని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన నోట్లోంచి రాదు.

తర్వాతి నెల రొట్టె తీసుకునే ఆదివారం అందరూ మోకరించారు. ఆయన మోకరించలేక నిలబడే తీసుకున్నారు. ఆ వరసలో నిలబడింది ఆయనొక్కరే. పళ్లెం నాకు అందించి, తీసుకోమన్నట్టు చూశారు. తీసుకున్నాను.

నాలుగైదు నెలల తర్వాత ఆ భవనం వాచ్‌మన్ చూడటానికి వచ్చాడు. అదీ ఇదీ మాట్లాడి, చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు. మెకానిక్కులెవరూ మెట్లెక్కడం లేదు. కార్డులు ఇప్పటికీ కిందే. కానీ ఐదో వరసలో ఇప్పుడు ఎవరూ టిక్కు పెట్టడం లేదట. కుర్చీలో కూర్చునే గీత గీస్తున్నారు. ఆ వరసకు గీత గీయాలని సూపర్‌వైజరు అందరికీ నేర్పాడట.

నాకు ఒళ్లు మండింది. "చూశారా? మీ ఉద్యోగం పోగొట్టుకుని వాళ్లకు దొరక్కుండా అబద్ధమాడటం నేర్పారు!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. మంచినీళ్లిచ్చాను.

"నవ్వేదానికి ఏముందండీ? కోపం రాదా మీకు?"

"వస్తోందోయ్. నిలబెట్టుకోవడానికి ఓపిక లేదు." తర్వాత వాచ్‌మన్ వైపు తిరిగారు. "నువ్వు రోజూ నీళ్ల ట్యాంకు చూడ్డానికి పైకి పోతావుగా?"

"పోతా. లిఫ్టులో పోతా."

"నెలకోసారి దిగేటప్పుడు మెట్ల మీద దిగు. పెట్టెను ముందే కిందకి పంపేసి, ఒక్కో తలుపూ ఇలా నెట్టు." గోడ మీద చేతులు పెట్టి చూపించారు.

"జీతమెవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు."

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

"ఎక్కడా అక్కర్లేదు."

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "నీ మోకాళ్లు పోయింది చాలక నావి కూడానా మెట్లయ్యా? చూద్దాంలే," అని వెళ్లిపోయాడు. తర్వాత రెండు మూడుసార్లు వచ్చాడు. చూస్తున్నావా అని ఆయన అడగలేదు. చూస్తున్నానని వాడూ చెప్పలేదు.

ఆయన పోయింది మరుసటి ఏడాది. జ్వరంతో మొదలై ఊపిరితిత్తులకు పాకింది. మోకాళ్లకూ దానికీ సంబంధం లేదు.

సమాధి దగ్గర అందరూ తలా గుప్పెడు మట్టి వేసి, ఒక్కొక్కరే నా దగ్గరికొచ్చి నా చేతులు పట్టుకుని వెళ్లారు. చివర్లో వాచ్‌మన్ వచ్చాడు. అందరిలాగే నా చేతులు పట్టుకున్నాడు. నా చేతులు వదిలాక వాడి అరచేతులు చూశాను. బూడిదరంగుగా ఉన్నాయి. కానీ ఆ రోజు అందరి చేతులకూ మట్టే. నా చేతులకు కూడా. ఏది ఏదో నేను చెప్పలేను.